తొక్క రాల్చే చెట్టు: నంది కొండ నుంచి ముప్కాల్ దాకా

ఏడాదంతా పచ్చగా ఉంటూ పాత బెరడు వదిలించుకునే చెట్లలో మన పెరటికి తెలిసింది జామ. దాని కుటుంబానికే చెందిన మరో చెట్టు జామాయిల్. మాను లావెక్కే కొద్దీ పైనున్న ఎండిన పొర పగిలి, పీలికలుగా వేలాడి రాలుతుంది. కింద నున్నటి మాను ఒకచోట పాలతెలుపు, ఒకచోట బూడిదరంగు. ఆకులు నిలువుగా వేలాడతాయి కాబట్టి నీడ పలచన. ఆకు నలిపితే ఘాటైన నూనె వాసన.

ఈ చెట్టు మన దక్షిణాదికి వచ్చింది తోటల ముచ్చటగానే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెరిటియే 1788లో దీనికి యూకలిప్టస్ అని పేరు పెట్టాడు. దాదాపు 1790లో టిప్పు సుల్తాన్ విత్తనాలు తెప్పించి మైసూరు రాజ్యంలోని నంది కొండ తోటలో వేయించాడు. 1843లో నీలగిరి కొండలకు చేరింది. అక్కడ వంటచెరకు కరువై 1856 నుంచి వరసగా నాటారు. అలా చూడముచ్చటి చెట్టు పొయ్యిలోకి వెళ్లింది.

తెలుగు నేలపై దాని దశ తిప్పింది కాగితం. 1979లో భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ మిల్లు మొదలైంది. గుజ్జుకు కలప చాలక రైతుల చేత నాటించారు. మేలైన చెట్ల కొమ్మల నుంచి పెంచిన క్లోన్ల పని 1989లో మొదలైంది. నాలుగేళ్లకు ఒకసారి నరకొచ్చు, మోడు మళ్లీ చిగురిస్తుంది. నరికిన కర్రకు కూలీలు చేలోనే తొక్క ఒలిచి లారీకెత్తుతారు. తోటలో కళ్లు నిలిపేది ఆ బెరడే; మిల్లుకు అది పనికిరాని చెత్త.

వ్యతిరేకతా పెరిగింది. 1983లో కర్ణాటకలోని తుమకూరు జిల్లా రైతులు నర్సరీల్లో మొక్కలు పీకి, చింతగింజలు నాటారు. 2001 ప్రాంతంలో ఆకులపై బొబ్బలు తెచ్చే చిన్న కందిరీగ దక్షిణాదికి వచ్చింది. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నాటడాన్ని నిషేధించింది. నీళ్లు తాగేస్తుందన్నది ప్రధాన ఆరోపణ. అది అబద్ధం కాదు, అన్నిచోట్లా ఒకేలా నిజమూ కాదు: వానలు తక్కువున్న మెట్టలో వందల చెట్లు ఒక్కచోట నాటితే భూమిలోని తేమ తగ్గుతుంది.

నిజామాబాద్ జిల్లాలోని ముప్కాల్ సంగతి వేరు. పక్కనే 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన పోచంపాడు ప్రాజెక్టు ఉంది, చేలల్లో పసుపు ఉంది. కాబట్టి ఇక్కడ దీన్ని తోటగా కాక ఒంటి చెట్టుగా, అందం కోసమే నాటాలి. పసుపు మడికి, బావికి, కరెంటు తీగలకు దూరంగా, నీరు నిలవని చోట వేయాలి. రాలిన ఆకులోని నూనె చిన్న మొలకలను అణచగలదు. అందుకే కింద పూలమొక్కలు పెట్టొద్దు, ఆకు ఊడ్చేయాలి. మిల్లు కోసం ఎంచిన క్లోన్ తీసుకోనక్కర్లేదు. విత్తనపు మొక్క చాలు. బెరడు మాత్రం ఒలవొద్దు, అది దానంతటదే రాలాలి. టిప్పు తోటలో చెట్టు పొందిన గౌరవం ఇవ్వాలంటే కర్ర లెక్క మరిచి చూడాలి.