డెక్కు కిందికి గాలి: తెరచాప ఓడల చరిత్రలో ఒక సమస్య

పాఠ్య లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- తెరచాప ఓడల అడుగు అంతస్తులకు గాలి అందించడం ఎందుకు కష్టమైందో వివరించగలుగుతారు.
- 18వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం వరకు వచ్చిన ముఖ్య సాధనాలను పోల్చగలుగుతారు.
- ఆ సాధనాల ప్రయోజనం ఎవరికి ఎంత అందిందో చర్చించగలుగుతారు.

1. పరిచయం

వేసవి మధ్యాహ్నం తలుపులు మూసిన గదిలో కూర్చుని మీరు ఈ పాఠం చదువుతున్నారనుకోండి. కాసేపటికే లేచి కిటికీ తెరుస్తారు. ఎదురు గోడకు మరో కిటికీ ఉంటే దానినీ తెరుస్తారు. గాలి వచ్చే దారితో పాటు పోయే దారి కూడా ఉంటేనే గది చల్లబడుతుందని మనందరికీ అనుభవం మీద తెలుసు. ఇంట్లో ఇంత సులువైన పని ఓడలో చాలాకాలం పెద్ద సమస్యగా ఉండిపోయింది. కారణం ఒక్కటే. ఓడలో గాలి వచ్చే ప్రతి రంధ్రం నుంచీ నీరు కూడా రాగలదు. కాబట్టి సముద్రం పోటెత్తినప్పుడు అన్నింటినీ మూసివేయాలి. అప్పుడు డెక్కు కింద ఉన్నవారి పరిస్థితి ఏమిటి? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ముందుకు చదవండి.

2. గాలిచాప

ఉష్ణమండల సముద్రాలలో ఎండకు డెక్కు పలకలు కాలిపోయేవి. ఆ వేడి కిందికి దిగేది. దానికి మనుషుల ఊపిరి, చెమట, ఓడ అడుగున నిలిచిన మురుగునీటి కంపు తోడయ్యేవి. దీనికి నావికులు వాడిన పాత ఉపాయం గాలిచాప. ఆంగ్లంలో దీనిని విండ్‌సెయిల్ అంటారు. ఇది కేన్వాసు గుడ్డతో కుట్టిన పొడవాటి గొట్టం. దీని పై భాగాన్ని తాళ్లతో ఎత్తి కట్టి, నోటిని గాలి వచ్చే దిక్కుకు తిప్పుతారు. కింది కొసను డెక్కులోని మూతద్వారం గుండా అడుగు అంతస్తులోకి దింపుతారు. ఖర్చు తక్కువ, కుట్టడం తేలిక. కాని దీనికి రెండు లోపాలు ఉన్నాయి. గాలి లేని రోజున, అంటే ఉక్క ఎక్కువగా ఉన్న రోజునే, ఇది పనిచేయదు. తుఫానులో దీనిని తీసివేసి ద్వారం మూయక తప్పదు.

3. 18వ శతాబ్దపు యంత్రాలు

ఆనాటి వైద్యులలో చాలామంది చెడుగాలి వల్లనే జ్వరాలు వస్తాయని నమ్మేవారు. అందువల్ల ఓడలోని గాలిని మార్చడం వారి దృష్టిలో రోగనివారణ కూడా. ఇంగ్లండులో మతాచార్యుడూ శాస్త్రజ్ఞుడూ అయిన స్టీఫెన్ హేల్స్ 1741లో తన గాలియంత్రాన్ని రాయల్ సొసైటీ ముందు వివరించాడు. 1743లో దానిపై గ్రంథం ప్రచురించాడు. కొలిమితిత్తుల మాదిరిగా పనిచేసే పెద్ద చెక్కపెట్టెలు అవి. మనుషులు మీటను పైకీ కిందికీ ఆడిస్తే లోపలి గాలి బయటకు పోయి కొత్త గాలి వచ్చేది. గాలి వీచకపోయినా ఇది పనిచేస్తుంది. అయితే దీనికి చోటు కావాలి, మనుషుల శ్రమ కావాలి.

దాదాపు అదే కాలంలో లండన్‌కు చెందిన శామ్యూల్ సట్టన్ మరో మార్గం సూచించాడు. ఓడలోని వంటపొయ్యి మండడానికి గాలి కావాలి కదా. పొయ్యి అడుగు భాగాన్ని మూసి, అక్కడి నుంచి ఓడ గర్భంలోకి గొట్టాలు వేస్తే, మంట తనకు కావలసిన గాలిని కింది నుంచే లాక్కుంటుంది. పోయిన గాలి స్థానంలోకి పై నుంచి తాజా గాలి దిగుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఓడలలో వ్యాపించిన టైఫస్ జ్వరానికి కారణం చెడుగాలి కాదు. అది పేల ద్వారా వ్యాపిస్తుందని షార్ల్ నికోల్ 1909లో కనుగొన్నాడు. అంటే ఆనాటి సిద్ధాంతం తప్పు. అయినా ఆ సిద్ధాంతం చేయించిన పని ఉక్కపోతను తగ్గించింది. ఒక కాలపు ఆలోచనను అంచనా వేసేటప్పుడు సిద్ధాంతాన్నీ ఫలితాన్నీ వేరువేరుగా చూడాలి.

4. గాలి ఎవరికి?

సాధనం ఉన్నంత మాత్రాన అది అందరికీ అందుతుందని అనుకోకూడదు. దీనికి బానిస ఓడలే సాక్ష్యం. ఆ ఓడలలో వైద్యుడిగా ప్రయాణించిన అలెగ్జాండర్ ఫాల్కన్‌బ్రిడ్జ్ 1788లో తన అనుభవాలను ప్రచురించాడు. ఓడకు ఒక్కొక్క వైపున 5 లేదా 6 గాలిరంధ్రాలు ఉండేవని, ఒక్కొక్కటి సుమారు 6 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు మాత్రమేనని ఆయన రాశాడు. వానకు, అలలకు వాటినీ మూసేవారు. కింద సంకెళ్లతో ఉన్న ఆఫ్రికన్లకు ఊపిరాడేది కాదు. వైద్యుడిగా కిందికి దిగిన తాను కూడా ఆ వేడిలో కొద్దిసేపే ఉండగలిగానని ఆయన చెప్పాడు.

హేల్స్ యంత్రాన్ని కొన్ని బానిస ఓడలలోనూ అమర్చారు. అది దయతో చేసిన పని అని చెప్పలేం. మనిషి చనిపోతే వ్యాపారికి అమ్మకపు ధర పోతుంది. 1788లోనే బ్రిటిష్ పార్లమెంటు డాల్బెన్ చట్టం ద్వారా ఓడ పరిమాణాన్ని బట్టి బానిసల సంఖ్యకు పరిమితి పెట్టింది. వ్యాపారాన్ని మాత్రం 1807 వరకు నిషేధించలేదు.

ఈ చరిత్రలో తెలుగువారి ప్రయాణమూ ఉంది. మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తీసుకువెళ్లిన మొదటి ఓడ అది. అందులో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వీరు బానిసలు కారు. వలస చట్టాలు వీరి ఓడలలో మనిషికి ఇంత చోటు ఉండాలని, వైద్యుడు ఉండాలని నిబంధనలు పెట్టాయి. అయినా డెక్కు కింద ఇరుకున వారాల తరబడి ప్రయాణించింది వీరే. మూతద్వారం ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో నిర్ణయించే అధికారం వీరిది కాదు.

5. చిన్న పడవకు దొరికిన పరిష్కారం

గాలిని రానిచ్చి నీటిని ఆపడం ఎలా? దీనికి చక్కని జవాబు 20వ శతాబ్దంలో ఒక చిన్న పడవ నుంచి వచ్చింది. అమెరికాలో ఒలిన్ స్టీఫెన్స్ రూపకల్పన చేసిన 52 అడుగుల తెరచాప పడవ డొరేడ్ 1930లో నీటిలోకి దిగింది. 1931లో అట్లాంటిక్ దాటే పందెంలో గెలిచింది. దాని గాలిగొట్టాల ద్వారా గదిలోకి నీరు కూడా వచ్చేది. ఒలిన్ తమ్ముడు రోడరిక్ దీనికి ఒక పెట్టెను రూపొందించాడు. బయటి గొట్టం పెట్టె ఒక కొసన, లోపలికి దిగే గొట్టం మరో కొసన కొంత ఎత్తున ఉంటాయి. గాలి మలుపు తిరిగి లోపలికి పోతుంది. నీరు మాత్రం బరువు వల్ల పెట్టె అడుగున పడి, చిన్న రంధ్రాల గుండా తిరిగి డెక్కు మీదికి కారిపోతుంది. నేటికీ దీనిని డొరేడ్ పెట్టె అనే పిలుస్తారు.

లంగరు వేసిన చిన్న పడవ ముందుభాగం సాధారణంగా గాలికి ఎదురుగా నిలుస్తుంది. అందువల్ల ఎండాకాలంలో నావికులు ముందు మూతద్వారం మీద నైలాన్ గుడ్డను గాలి పట్టేలా కడతారు, వెనుక తలుపు తెరిచి ఉంచుతారు, డెక్కు మీద నీడకు గుడ్డ పందిరి వేస్తారు. పరీక్షగా చూస్తే ఆ నైలాన్ గుడ్డ పాత గాలిచాపే. తేడా ఏమిటంటే, ఈ పడవలో గాలి కావలసిన మనిషే దానిని కట్టుకుంటాడు.

6. సారాంశం

గాలి ఆడాలంటే రెండు దారులు కావాలన్న జ్ఞానం పాతదే. గాలిచాప, హేల్స్ తిత్తులు, సట్టన్ గొట్టాలు, డొరేడ్ పెట్టె ఆ జ్ఞానానికి వేరువేరు రూపాలు. అయితే డెక్కు కింద ఉన్న మనిషికి ఎంత గాలి అందిందన్నది, ఆ మనిషికి ఓడ మీద ఉన్న హక్కును బట్టి కూడా నిర్ణయమైంది. సాంకేతిక చరిత్ర చదివేటప్పుడు సాధనంతో పాటు దానిని వాడే అధికారం ఎవరి చేతిలో ఉందో కూడా అడగండి.

మాదిరి ప్రశ్నలు

1. గాలిచాప ఉపయోగాలను, లోపాలను పేర్కొనండి.
2. హేల్స్, సట్టన్ పద్ధతుల మధ్య తేడాలను వివరించండి.
3. "తప్పు సిద్ధాంతం కూడా మేలైన ఫలితం ఇవ్వవచ్చు." ఓడల చరిత్ర ఆధారంగా చర్చించండి.