గోడపై చీర, చీరపై గోడ

హిందూపురమునకు సమీపముననున్న లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది చిత్రములను తలయెత్తి చూచువారు శివపార్వతుల కల్యాణమును, కిరాతార్జునుల పోరును గుర్తించి తృప్తి నొందుదురు గాని, ఆ మూర్తులు కట్టిన చీరల అంచులను పరికించువారు అరుదు. పదునాఱవ శతాబ్దమున, అచ్యుతదేవరాయల యేలుబడిలో, ఆ చిత్రములను రచించినవారు ఒక్కొక్క స్త్రీమూర్తి వలువపై ఒక్కొక్క తీరున చారలను, గళ్లను, లతలను, హంసపంక్తులను కూర్చిరి. ఈ వైవిధ్యమంతయు కేవలము భావనాజనితమని నేను నమ్మజాలను; అంగళ్లలోను, కొలువులలోను తాము కన్నులార చూచిన బట్టలనే వారు సున్నపుపూతపై నిలిపిరని తోచుచున్నది. పురుషమూర్తుల తలపై నున్న పొడవైన కుళ్లాయి విజయనగర సభలలో నాడు వాడుకలో నున్నదే. ఆ పేరు పారసీక పదమునుండి పుట్టినది. దూరదేశపు వేషమునకు దేవాలయపు కప్పుమీద సయిత మిట్లు చోటు దొరకినది.

అద్దకపు చరిత్రలో ఈ యిచ్చిపుచ్చుకొనుట మఱింత విస్తరించినది. గోలకొండ సుల్తానుల రేవైన మచిలీపట్టణమున ఆంగ్లేయులు 1611లో వర్తకస్థానమును నెలకొల్పిరి. తరువాత ఐరోపా వర్తకులు తమ దేశీయుల అభిరుచి కనువైన నమూనాలను పంపగా, కోరమండల తీరపు పనివారు వానిని ఉన్నవి ఉన్నట్లు దింపక, పారసీకుల పూలతీగెలను, చీనా చిత్రములలోని గుట్టలను, ఆంగ్లేయుల కుట్టుపనిలోని పెద్దపెద్ద ఆకులను తమ చేతి వంపులతో మేళవించి, జీవవృక్షమను పేర ప్రసిద్ధమైన దుప్పటి చిత్రమును రూపొందించిరి. ఏ కొమ్మ ఏ దేశముదో విడదీసి చూపుట నేడు కష్టము. అంతటి నేర్పునకు ఆధారము వంటింటి వస్తువులే యన్నచో అతిశయోక్తి కాదు: కరక్కాయ రసమును గేదెపాలలో కలిపి గుడ్డకు పట్టింతురు; బెల్లపునీటిలో తుప్పుపట్టిన ఇనుమును నానవేసి నలుపును తీయుదురు; పటిక అద్దినచోట చిరివేరు ఎఱుపు నిలుచును.

ఈ వస్త్రముల ధాటికి తాళజాలక ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించినది. ఇంగ్లండు 1700లోను, 1721లోను శాసనములు చేసినది. 1742లో కోర్దూ అను జెస్యూటు మతాచార్యుడు ఇచటి అద్దకపు విధానమును వివరించుచు స్వదేశమునకు లేఖ వ్రాసెను. సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో గల చుట్టఱికమును తొలుత గుర్తించినవారిలో నొకడు ఆయనయే. భాషలయందైనను, బట్టలయందైనను బంధుత్వమును వెదకు చూపు ఆయన కబ్బినదని నాకు తోచును.

యంత్రవస్త్రముల వెల్లువలో క్షీణించిన ఈ అద్దకపు కళ, అనగా కలంకారీ, 1950ల దశకమున కమలాదేవీ ఛట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తియందు మరల ఊపిరి పోసికొన్నది. అచట చింతబొగ్గుతో గీత గీచి, ఉన్ని చుట్టిన వెదురుకలముతో రంగు పూసి, రామాయణ భారత గాథలను బట్టపై దింపువారి మూర్తులయందు ఆలయచిత్రముల పోలిక నేటికిని కనబడును. 2008లో పద్మశ్రీ నందుకొన్న జొన్నలగడ్డ గురప్పచెట్టి ఈ పరంపరలోనివారు. మచిలీపట్టణపు చేరువనున్న పెడన పనివారు మాత్రము టేకుఅచ్చులతోనే లతలను, పువ్వులను అద్దుచున్నారు.

లేపాక్షి లతామండపపు స్తంభములపై చెక్కిన తీగెలును, వలయములును మగ్గములవారిని ఎంతయో ఆకర్షించినవి. ఆ చెక్కడములు ధర్మవరపు పట్టుచీరల అంచులపైకి దిగివచ్చినవి. ఒకప్పుడు నేతగాని బట్టను చూచి చిత్రకారుడు కప్పుమీద గీచిన ఆలయముననే, నేడు నేతగాడు రాతిని చూచి పోగుపై పోగు కూర్చుచున్నాడు.