విమానాల కంపెనీ నుంచి ఖజానాకు

బ్రిటిష్ పాలనలో ఉన్న హాంకాంగ్‌లో ఆర్థిక కార్యదర్శి పదవి సివిల్ సర్వీసు వాళ్లదే. 1961 నుంచి పదేళ్లు జాన్ కౌపర్త్‌వెయిట్, ఆ తర్వాత పదేళ్లు ఫిలిప్ హాడన్-కేవ్. పదవి దిగాక అధికారులు కంపెనీల్లో చేరడం మామూలే. కౌపర్త్‌వెయిట్ కూడా జార్డిన్ ఫ్లెమింగ్‌కు సలహాదారుగా వెళ్లారు. ఎదురు దిశలో వచ్చినవాళ్లే లేరు. 1981లో వచ్చిన మొదటివాడు జాన్ బ్రెమ్‌రిడ్జ్.

వలస ఖజానాకు వ్యాపారిని తెచ్చుకోవడం మన దేశానికి మాత్రం పాత ముచ్చటే. 1859లో లండన్ నుంచి కలకత్తా వచ్చిన జేమ్స్ విల్సన్ బతుకు టోపీల తయారీతో మొదలైంది. 1860లో మనకు ఆదాయపు పన్ను అంటగట్టి, అదే ఏడాది ఆగస్టులో ఇక్కడే కన్నుమూశారు. కాకపోతే ఆయన ఈలోగా పార్లమెంటు సభ్యుడయ్యారు, బ్రిటన్ ఖజానాలోనూ పనిచేశారు. బ్రెమ్‌రిడ్జ్‌కు ఖజానాలో పనిచేసిన అనుభవం లేదు. 1949లో స్వైర్ సంస్థలో చేరి, మెట్టుమెట్టుగా పైకెక్కి, స్వైర్ హాంకాంగ్ వ్యాపారాలకూ కాథే పసిఫిక్ విమాన సంస్థకూ చైర్మన్ అయ్యారాయన.

వచ్చిన వేళ మంచిది కాదు. 1982 సెప్టెంబరులో బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ బీజింగ్ వెళ్లి హాంకాంగ్ భవిష్యత్తుపై మాట్లాడారు. హాంకాంగ్‌లో అధిక భాగంపై బ్రిటన్ లీజు ముగిసే 1997 తర్వాత ఏమవుతుందోనన్న బెంగ ఊరంతా పాకింది. భూముల ధరలు కూలాయి. 1974 నుంచి మార్కెట్‌కు వదిలేసిన హాంకాంగ్ డాలరు జారుతూ వచ్చింది. 1983 సెప్టెంబరు 24, శనివారం నాటికి ఒక అమెరికా డాలరుకు 9.60 ఇవ్వాల్సి వచ్చింది. జనం బియ్యం, నూనె, టాయిలెట్ పేపరు కోసం దుకాణాల మీద పడ్డారు. కొందరు వర్తకులు ధరలు అమెరికా డాలర్లలోనే చెప్పసాగారు.

మందు చెప్పింది జాన్ గ్రీన్‌వుడ్ అనే ఆర్థికవేత్త. హాంకాంగ్‌లో అప్పటికి కేంద్ర బ్యాంకు లేదు. అప్పట్లో నోట్లు అచ్చువేసేది హెచ్‌ఎస్‌బీసీ, స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకులు. కొత్త నియమం ఇదీ: 7.80 హాంకాంగ్ డాలర్ల విలువైన నోట్లు విడుదల చేయాలంటే బ్యాంకు ముందుగా ఒక అమెరికా డాలరు ప్రభుత్వ ఎక్స్ఛేంజ్ ఫండ్‌లో జమచేయాలి. నోట్లు వెనక్కి ఇస్తే అదే లెక్కన డాలరు తిరిగొస్తుంది. చేతిలో డాలరు లేకుండా కొత్త నోటు బయటికి రాదన్నమాట. అక్టోబరు 15న ప్రకటించారు, 17న అమల్లోకి తెచ్చారు. స్థానిక కరెన్సీ డిపాజిట్ల వడ్డీపై ఉన్న పన్నునూ ఎత్తేశారు.

ఆలోచన వేరొకరిదే, కానీ తప్పితే నింద పడేది బ్రెమ్‌రిడ్జ్ మీదే. స్వేచ్ఛా మార్కెట్‌కు పెట్టింది పేరైన ఊళ్లో, మార్కెట్‌లోంచే వచ్చిన మనిషి అన్నిటికన్నా ముఖ్యమైన ధరకు తాడు కట్టేశారు. ఆ కట్టు గట్టిదే. అప్పుడు డాలరుకు పది రూపాయల చిల్లర ఉండేది, ఇప్పుడు ఎనభై దాటింది. హాంకాంగ్ లెక్క 1997 అధికార మార్పిడినీ, మరుసటి ఏడాది సట్టా దాడులనూ తట్టుకుంది. 2005 నుంచి 7.75కూ 7.85కూ మధ్యే కదులుతోంది.

వ్యాపారి కదా, కంపెనీలకు ఉపశమనం ఇస్తారని ఎవరైనా ఆశపడి ఉంటే భంగపడ్డారు. 1984 బడ్జెట్‌లో కంపెనీల లాభాలపై పన్ను 16.5 నుంచి 18.5 శాతానికి పెరిగింది.

పాత కొలువు నీడ మాత్రం ఒకచోట వదల్లేదు. 1985లో డ్రాగన్ఎయిర్ అనే కొత్త సంస్థ కాథే పసిఫిక్‌కు పోటీగా బయల్దేరింది. ఆ నవంబరులోనే బ్రెమ్‌రిడ్జ్ 'ఒక మార్గానికి ఒకే సంస్థ' అన్న విధానం ప్రకటించారు. లాభసాటి మార్గాలు అప్పటికే కాథేవి. విధానానికి కారణాలు ఎన్ని చెప్పినా, ఆ మాట కాథే మాజీ చైర్మన్ నోట రాకుండా ఉండాల్సింది. ఆయన 1986లో పదవి వదిలారు. 1990లో స్వైర్, కాథేలు డ్రాగన్ఎయిర్‌లో వాటా కొన్నాయి. 2006లో ఆ సంస్థ పూర్తిగా కాథే చేతికి వెళ్లింది.