నాటి వేలిముద్ర, నేటి పిన్



మన తాతల కాలంలో సంతకొచ్చిన షావుకారు దొంగ తూకం వేసేవాడు, రాసిందేంటో చెప్పకుండా కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. అప్పు తీరేది కాదు, భూమి పోయేది. అందుకే మన్యంలో 1917లో వడ్డీకి, భూబదిలీకి హద్దులు పెడుతూ చట్టం వచ్చింది. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది.

2016లో యూపీఐ వచ్చింది. ఇప్పుడు సంతలో చింతపండు అమ్మే అక్క దగ్గరా క్యూఆర్ స్టిక్కరుంది. మోసం కూడా ఫోన్లోకి మారింది. "డబ్బులు పంపాం, పిన్ కొట్టండి" అంటారు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి. స్క్రీన్‌షాట్ నమ్మొద్దు, ఖాతాలో పడ్డాకే సరుకివ్వాలి. స్టిక్కర్ మార్చేశారేమో రోజూ స్కాన్ చేసి పేరు చూసుకోవాలి. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

నాడు కాగితం చదివి చెప్పేవాళ్లు లేరు. నేడు మనమున్నాం. సెలవులకు ఊరెళ్తే ప్రతి కొట్టు దగ్గరా కూర్చుని ఇది చెబుదాం.