యాకోబు గుల్ల

ఫ్రెంచివారి భోజనపట్టికలో "కొకీ సాఁ జాక్" అన్న పేరు చూస్తే అదేదో పుణ్యక్షేత్రపు ప్రసాదం కాబోలు అనిపిస్తుంది. ఆ ఊహ మరీ తప్పేమీ కాదు. ఆ మాటకు "పునీత యాకోబు గుల్ల" అని అర్థం. ఇంగ్లీషులో స్కాలప్ అని పిలిచే ఈ రెండు చిప్పల సముద్రజీవికి ఏసుక్రీస్తు శిష్యుడి పేరు ఎందుకు వచ్చిందో తెలియాలంటే స్పెయిన్ దేశపు వాయవ్యమూలన ఉన్న గలీసియాకు వెళ్ళాలి.

అక్కడి సంతియాగో ద కంపొస్తేలాలో యాకోబు సమాధి బయల్పడిందన్న విశ్వాసం 9వ శతాబ్దిలో మొదలైంది. 12వ శతాబ్ది నాటికి యూరప్ నలుమూలల నుంచి జనం నెలల తరబడి కాలినడకన వచ్చేవారు. ఆ శతాబ్దిలోనే రూపొందిన కోడెక్స్ కలిక్స్టీనస్ అనే లాటిన్ గ్రంథం కోవెల ముంగిట ఉన్న అంగడిని వర్ణించింది. ద్రాక్షసారా తిత్తులు, చెప్పులు, తోలుసంచులు, మూలికలు... వాటి సరసనే ఈ గుల్లలు. మనవాళ్ళు కాశీ నుంచి గంగచెంబు తెచ్చినట్లే, వాళ్ళు గుల్లను అంగీకి కుట్టుకొని ఇంటిదారి పట్టేవారు. యూరప్‌లో ఎన్నోచోట్ల మధ్యయుగపు సమాధులు తవ్వినప్పుడు ఎముకల పక్కన ఈ గుల్లలు కనిపించాయి. ఊరు చేరినా, కాటికి చేరినా యాత్రికుడు దానిని వదలలేదన్నమాట.

అన్నట్టు, గలీసియావారు దీనిని "వియేరా" అంటారు. ఆ మాటకు మూలం రోమనుల ప్రేమదేవత వీనస్ పేరు. 1485 ప్రాంతాల బొత్తిచెల్లి గీసిన చిత్రంలో వీనస్ నిలుచున్నది ఈ గుల్ల మీదనే. దేవత నుంచి అపొస్తలునికి చేతులు మారినా గుల్ల మాత్రం తన వంపు మార్చుకోలేదు!

ఇంతకీ లోపలి మాంసం సంగతి? ఆల్చిప్ప రాతిని కరచుకొని కదలకుండా ఉంటుంది. స్కాలప్ అలా కాదు, చిప్పలు టపటప మూస్తూ నీటిని వెనక్కు చిమ్మి ఈదుతుంది. చిప్పలను మూసే కండరం అంత బలిసింది అందుకే. పళ్ళెంలోకి వచ్చే తెల్లని బిళ్ళ అదే. ఫ్రాన్సులో దానితోపాటు నారింజరంగు గుడ్లసంచి కూడా తింటారు. అమెరికా పడవలవారు కండరాన్ని కోసుకొని మిగిలినదంతా సముద్రంలోనే పారేస్తారు.

కొకీ సాఁ జాక్ వంటకంలో గుల్లే గిన్నె. పుట్టగొడుగులు, వైను, మీగడ కలిపిన మాంసాన్ని అందులోకి సర్ది, పైన జున్ను చల్లి ఎర్రగా కాలుస్తారు. 1961లో జూలియా చైల్డ్ తన సహరచయితలతో వెలువరించిన ఫ్రెంచి వంటల పుస్తకం దీనిని అమెరికా ఇళ్ళలోకి చేర్చింది. నా మటుకు నాకు అంత ఆర్భాటం అక్కరలేదు. బిళ్ళలను గుడ్డతో పొడిగా అద్ది, బాగా కాగిన పెనంమీద ఎడంగా పరచి, ఒక్కొక్క వైపు రెండేసి నిమిషాలు కదపకుండా ఉంచితే చాలు. చివర కాస్త వెన్న. అమెరికాలోని మన తెలుగువారు అంగట్లో ఒక విషయం గమనించాలి: కొన్నింటిని ఫాస్ఫేటు కలిపిన నీటిలో నానబెట్టి అమ్ముతారు. అవి పెనంమీద నీరు వదిలి ఉడుకుతాయే కాని వేగవు. ఆ నీటికి కూడా మనం చేపల ధర ఇస్తున్నట్లే.

అసలు ఈనాడు అవి అంగట్లో ఉండటమే ఒక విడ్డూరం. అమెరికా ఈశాన్యతీరాన అట్లాంటిక్‌లో జార్జెస్ బ్యాంక్ అనే మెరక ఉంది. అక్కడ కాడ్ చేప తరిగిపోగా, దానిని రక్షించాలని 1994 డిసెంబరులో విశాలమైన భాగాలలో వేట ఆపారు. స్కాలప్ వేట కూడా దానితోనే ఆగింది. కాడ్ కోలుకోలేదు. ఎవరూ తలపెట్టని స్కాలప్ మాత్రం కొన్నేళ్ళలోనే ఇబ్బడిముబ్బడిగా పెరిగింది. 1999లో కొంత భాగం తిరిగి తెరిచారు. 2004 నుంచి పొలాన్ని బీడు పెట్టినట్లు ఒక్కొక్క భాగాన్ని వంతులవారీగా మూసి తెరవడమే పద్ధతి అయింది. న్యూబెడ్‌ఫర్డ్ రేవు 21వ శతాబ్ది తొలి రెండు దశాబ్దాలలో సరకు విలువలో ఆ దేశపు చేపలరేవులలో మొదటిదిగా నిలిచిందంటే అది చాలామటుకు ఈ గుల్ల చలవే.

పొరుగువాడు కూడా ఆగితేనే ఇలాంటి నియమం నిలుస్తుంది. ఫ్రెంచివారికి మే 15 నుంచి అక్టోబరు 1 వరకు ఈ వేట నిషిద్ధం. 2018లో బ్రిటిష్ పడవలకు ఆ కట్టడి ఉండేది కాదు. 2018 ఆగస్టు 28న నార్మండీ తీరానికి ఎదురుగా సేన్ అఖాతంలో సుమారు 35 ఫ్రెంచి పడవలు అయిదు బ్రిటిష్ పడవలను చుట్టుముట్టాయి. రాళ్ళు రువ్వుకున్నారు, పడవలు గుద్దుకున్నాయి. మేము ఆగి పెంచినదాన్ని వాళ్ళు ముందుగా ఊడ్చుకుపోతున్నారన్నది ఫ్రెంచి జాలరుల గోడు. చట్టం మాట ఎలా ఉన్నా, అందులో న్యాయం ఉన్నదనే నాకు తోస్తుంది. తూర్పు ఇంగ్లీషు చానెల్‌లో పట్టిన ప్రతి గుల్లనూ కొలవాలి. 11 సెంటీమీటర్లకు తగ్గితే దానిని తిరిగి నీటిలోకి వదలాలి.