మధుమేహం - వృద్ధాప్యంలో మతిమరుపు

ఉదయం మాత్ర వేసుకొన్న సంగతి మరచి మరల వేసుకొనడం, భోజనం చేసి కూడా చేయలేదనడం - చక్కెర వ్యాధి ఉన్న పెద్దలలో ఇటువంటి మార్పులు కనిపిస్తే వయసు ప్రభావమని ఊరకుండరాదు. మధుమేహానికీ మతిమరుపుకూ సంబంధం ఉన్నది.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో 6,370 మంది వృద్ధులపై జరిగిన పరిశోధన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. మధుమేహం ఉన్నవారికి డిమెన్షియా, అనగా తీవ్రమైన మతిమరుపు వ్యాధి, వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని తేలింది.

కారణమేమిటి?

శరీర బరువులో సుమారు 2 శాతమే ఉన్న మెదడు, శరీరం వినియోగించే శక్తిలో దాదాపు 20 శాతాన్ని తీసుకొంటుంది. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర అధికంగా ఉంటే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. రక్తపోటు, పొగాకు తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది.

చక్కెర పడిపోయినా ప్రమాదమే

మాత్ర రెండుసార్లు వేసుకొన్నా, మందు వేసుకొని భోజనం మానినా చక్కెర 70 మిల్లీగ్రాములకు దిగువకు పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తడబాటు దాని లక్షణాలు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయక ఆసుపత్రికి తరలించాలి. చక్కెరను మరీ కఠినంగా తగ్గించినందువల్ల జ్ఞాపకశక్తికి అదనపు మేలు కలుగలేదని 2011లో వెలువడిన ఉత్తర అమెరికా పరిశోధన తెలిపింది. కనుక ఎంత స్థాయి తగినదో వైద్యుడే నిర్ణయించాలి.

నయమయ్యే మరుపు

మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడినవారిలో బి12 విటమిన్ లోపించవచ్చు. థైరాయిడ్ లోపం, మానసిక కుంగుబాటు కూడా మరుపునకు కారణాలే. వీటిని గుర్తిస్తే చికిత్స ఉన్నది.

కుటుంబసభ్యులు చేయవలసినవి

* మాత్రలు ఇంటిలో ఒకరే చేతికందించి, క్యాలెండరుపై గుర్తు పెట్టాలి.
* మందు వేసుకొన్న పిమ్మట వేళకు భోజనం పెట్టాలి.
* రక్తపోటు, చూపు, వినికిడి పరీక్షలు చేయించాలి. రోజూ నడిపించాలి.
* కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ ప్రాంతాల ఆసుపత్రులలో ప్రశ్న అర్థంకాక తడబడితే అది మతిమరుపు కాదు. ఇంట తెలుగే మాట్లాడే పెద్దలను తెలుగులోనే ప్రశ్నించమని వైద్యుని కోరాలి. అవసరమైతే తోడు వెళ్లినవారు ప్రశ్నను తెలుగులో చెప్పాలి కాని, జవాబు అందించరాదు.

మరచిపోయినందుకు పెద్దలను కసరుకొనవద్దు. మరుపు వారి తప్పు కాదు. వేళకు మందు అందించడం మన బాధ్యత.