కొత్త కాళ్ళ మీద పందెం

ఆగస్టు నెలాఖరు వచ్చిందంటే అమెరికా ఆఫీసుల్లో పనికి పాక్షిక గ్రహణం పడుతుంది. పదిమందో పన్నెండుమందో ఒకచోట చేరి, నిజమైన ఫుట్‌బాల్ ఆటగాళ్ళను వంతులవారీగా పంచుకుని, తలా ఒక ఊహాజట్టు కట్టుకుంటారు. సెప్టెంబరు నుంచి ఆ ఆటగాళ్ళు మైదానంలో పరుగెత్తిన గజాలూ, చేసిన టచ్‌డౌన్లూ వీరి ఖాతాలో పాయింట్లుగా జమ అవుతాయి. దీని పేరు ఫాంటసీ ఫుట్‌బాల్. అక్కడ ఉద్యోగాలు చేసే తెలుగువారిలో కొందరు అసలు ఆటను ఈ కొసరు ఆట ద్వారానే నేర్చుకున్నారు. నేనూ ఆ కోవకు చెందినవాడినే.

ఈ పంపకంలో ప్రతి ఏటా తప్పక తెగని తగవు ఒకటి ఉంది: కొత్త రన్నింగ్ బ్యాక్‌ను ఎంత తొందరగా ఎంచుకోవాలి? రన్నింగ్ బ్యాక్ అంటే బంతిని చంకన ఇరికించుకుని ఎదుటి జట్టు మనుషుల నడుమ నుంచి దూసుకుపోయేవాడు. కళాశాల ఆట ముగించి ఆ ఏడే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగుపెట్టినవాడిని రూకీ అంటారు. క్వార్టర్‌బ్యాక్‌కు పాఠం ఒంటబట్టడానికి ఏళ్ళు పట్టవచ్చుగాని, పరుగుకు అంత చదువు అక్కరలేదు. వచ్చిన ఏడే రాణించవచ్చు. 1983లో లాస్ ఏంజెలెస్ రామ్స్ తరఫున ఎరిక్ డికర్సన్ మొదటి ఏడే 1,808 గజాలు పరుగెత్తాడు. ఆ రూకీ రికార్డు నేటికీ చెరగలేదు. అందుకే చూడని సరుకు మీద ఇంత మోజు.

ఈ ఆటకు ఆద్యుడు బిల్ వింకెన్‌బాక్, ఓక్లాండ్ రైడర్స్ జట్టులో ఒక చిన్న భాగస్వామి. 1962లో జట్టుతో న్యూయార్కు వెళ్ళినప్పుడు హోటల్లో మరి ఇద్దరితో కూర్చుని నియమాలు రాశాడు. మరుసటి ఏటి ఆగస్టులో ఓక్లాండులో తన ఇంటనే తొలి పంపకం జరిపించాడు. మొట్టమొదటి ఎంపిక ఆండీ మౌసాలిమస్ అనే ఆయనది. ఆయన కోరుకున్నది 35 ఏళ్ళ క్వార్టర్‌బ్యాక్ జార్జ్ బ్లాండాను! రెండవవారికి జిమ్ బ్రౌన్ దక్కాడు. ఆ ఏడు బ్రౌన్ 1,863 గజాలు పరుగెత్తి కొత్త రికార్డు సృష్టించాడు. పుట్టిననాడే ఈ ఆట అనుభవాన్ని నమ్మి పరుగును చేజార్చుకుంది. తరువాతి తరాలు పరుగు వెంట ఎగబడటంలో వింత లేదు.

అయితే ఏ పరుగు? దీనికి జవాబు 1999లో దొరుకుతుందని నా నమ్మకం. ఆ వసంతంలో అందరి నోటా ఉన్న పేరు రికీ విలియమ్స్. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ శిక్షకుడు మైక్ డిట్కా ఆ ఒక్క కుర్రవాడి కోసం ఆ ఏడు తన చేతనున్న ఎంపికలన్నిటినీ, వాటితోపాటు మరుసటి ఏటి మొదటి, మూడవ రౌండు ఎంపికలనూ ధారపోశాడు. ఇల్లమ్మి తులసికోట కట్టినట్టన్నమాట. విలియమ్స్ అయిదవ ఎంపికగా వచ్చాడు. అతనికంటే ఒక్క మెట్టు ముందు, నాలుగవ ఎంపికగా, ఇండియనాపోలిస్ కోల్ట్స్ వారు ఎడ్జరిన్ జేమ్స్‌ను తీసుకున్నారు. మార్షల్ ఫాల్క్ వంటి మేటిని రామ్స్‌కు వదులుకుని, విలియమ్స్ అందుబాటులో ఉండగా అతన్ని కాదని మరొకరిని ఎంచుకున్నందుకు అభిమానులు పెదవి విరిచారు.

జరిగింది వేరు. జేమ్స్ 1,553 గజాలతో ఆ ఏడు లీగ్ మొత్తానికే ప్రథముడైనాడు. విలియమ్స్ గాయాల మధ్య 884 గజాలు పరుగెత్తి, రెండే టచ్‌డౌన్లు చేశాడు. మరి విలియమ్స్ చేతకానివాడా? 2002లో మయామీ జట్టుకు మారి 1,853 గజాలతో తానూ లీగ్ ప్రథముడైనాడు. మనిషి అతడే. మారినవి ముందు నిలబడి దారి చేసే వరుస, చుట్టూ ఉన్న జట్టు. జేమ్స్‌కు మొదటి రోజు నుంచే పేటన్ మానింగ్ తోడున్నాడు. మానింగ్ విసురుతాడన్న భయంతో ఎదుటివారు వెనక్కు జరిగితే జేమ్స్‌కు దారి దొరికేది.

ఈ సంగతిని ఇంకా నగ్నంగా చూడాలంటే డెన్వర్ వెళ్ళాలి. మైక్ షానహాన్ శిక్షకుడుగా, అలెక్స్ గిబ్స్ ముందువరుసకు గురువుగా ఉన్న రోజులవి. 1995లో ఆరవ రౌండులో, 196వ ఎంపికగా వచ్చిన టెరెల్ డేవిస్ మొదటి ఏడే వెయ్యి గజాలు దాటాడు. 1998లో రెండువేలు దాటాడు. 1999లో అతని మోకాలు దెబ్బతింటే, నాలుగవ రౌండులో వచ్చిన ఒలాండిస్ గారీ 1,159 గజాలు పరుగెత్తాడు. 2000లో గారీ మోకాలూ పోయింది. ఆరవ రౌండు రూకీ మైక్ ఆండర్సన్ వచ్చి 1,487 గజాలు తెచ్చాడు. 2002లో క్లింటన్ పోర్టిస్ వంతు, 1,508. చక్రం అదే; ఇరుసులు మారుతున్నాయంతే. షానహాన్ వాషింగ్టన్ జట్టుకు మారాక 2012లో మళ్ళీ అదే కథ: ఆరవ రౌండులో, 173వ ఎంపికగా వచ్చిన ఆల్‌ఫ్రెడ్ మోరిస్ 1,613 గజాలు పరుగెత్తాడు. ఆ ఏడే మూడవ ఎంపికగా క్లీవ్‌లాండ్ చేరిన ట్రెంట్ రిచర్డ్‌సన్ 950 గజాల దగ్గర ఆగి, మరుసటి సెప్టెంబరులోనే మరో జట్టుకు తరలిపోయాడు.

ఇక దారి ఒక్కటే చాలదు, ఖాళీ కూడా కావాలి. 2017లో కాన్సస్ సిటీ జట్టులో స్పెన్సర్ వేర్ ఆటలకు ముందే గాయపడకపోతే, మూడవ రౌండు రూకీ కరీమ్ హంట్ ఆ ఏడు 1,327 గజాలతో లీగ్ ప్రథముడు అయ్యేవాడా అన్నది అనుమానమే. కనుక కుర్రవాడి పరుగు వేగం కంటే ముందు అతని జట్టు ముందువరుసనూ, అక్కడ అతనికంటే ముందున్నవాడి మోకాళ్ళనూ చూడమంటాను. ఎజీకియెల్ ఇలియట్ 2016లో డాలస్ జట్టుకు 1,631 గజాలు తేవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఆనాటి డాలస్ ముందువరుస అటువంటిది.

"అతనికంటే ముందున్నవాడి మోకాళ్ళు" అని ఎంత తేలికగా రాశాను! సంతలో కోడెదూడ పళ్ళు పట్టి చూసే బేరగాడి భాష ఈ ఆటలో తెలియకుండానే మన నోటికి వచ్చేస్తుంది. పైగా ఈ పరుగుగాళ్ళలో అత్యధికులు నల్లజాతి యువకులు. మనుషులను వేలం వేసిన చరిత్ర ఉన్న దేశం అది. 2017 ఆగస్టులో ఈఎస్‌పీఎన్ వారు ఆటగాళ్ళను వేలం వేస్తున్నట్టు ఒక హాస్యఘట్టం ప్రసారం చేసి, విమర్శలు రేగాక క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వేలం పద్ధతిలో పంచుకోవడం ఈ ఆటలో ఎప్పటినుంచో ఉన్నదే. తెరమీద చూసేసరికి గాని దాని రూపం చాలామందికి తెలియలేదు.

నిజం జట్లు కూడా మనలాగే లెక్కలు వేయడం నేర్చాయి. 2011 ఒప్పందం కొత్తవారి జీతాలకు కొలతలు కట్టింది. తక్కువ జీతానికి నాలుగేళ్ళు వాడుకుని, కాళ్ళు అరిగేవేళకు మరో కొత్తవాడిని తెచ్చుకోవడం లాభసాటి అయింది. ఏ రౌండులోనైనా దొరికే పరుగుకు పెద్ద ధర ఎందుకన్న ఆలోచన ముదిరి, 2013, 2014లలో మొదటి రౌండులో ఒక్క రన్నింగ్ బ్యాక్‌నూ ఎవరూ తీసుకోలేదు. డెన్వర్ పాఠాన్ని అందరూ చదివారు. అందులో గారీ మోకాలు ఎవరికీ కనబడలేదు.

జేమ్స్ రాబిన్సన్ కథ చెప్పి ముగిస్తాను. 2020లో జట్లన్నీ ఏడు రౌండులూ పూర్తిచేసినా అతని పేరు ఎవరూ పిలవలేదు. జాక్సన్‌విల్ జట్టు ఊరికే చేర్చుకుంది. ఆగస్టు 31న వారు మూడేళ్ళ క్రితం నాలుగవ ఎంపికగా తెచ్చుకున్న లెనర్డ్ ఫోర్నెట్‌ను సాగనంపడంతో రాబిన్సన్‌కు చోటు దొరికింది. ఆ ఏడు ఫాంటసీ లోకమంతా కాన్సస్ సిటీ మొదటి రౌండు కుర్రవాడు క్లైడ్ ఎడ్వర్డ్స్-హెలేర్ కోసం పోటీపడింది. అతను 803 గజాలు తెచ్చాడు. రాబిన్సన్ 1,070 తెచ్చాడు. మరుసటి వసంతంలో జాక్సన్‌విల్ వారు అతనికిచ్చిన బహుమానం, మొదటి రౌండులో ట్రావిస్ ఎటియెన్ అనే మరో కొత్త రన్నింగ్ బ్యాక్. ఎటియెన్ పాదం గాయంతో ఆ ఏడంతా ఆడలేకపోయాడు. మళ్ళీ రాబిన్సనే మోశాడు. 2021 డిసెంబరులో మడమ నరం తెగేదాకా మోశాడు. 2022 అక్టోబరులో అతన్ని న్యూయార్కు జెట్స్‌కు పంపివేశారు. అప్పటికి అతని వయసు 24.